ఉపకారం కాదు, వజీఫా

మా పిల్లల చదువుకి సర్కారు ఇచ్చే డబ్బుకి తెలుగులో పెట్టిన పేరు ఉపకార వేతనం. ఎవరు ఎవరికి చేస్తున్న ఉపకారం ఇది? బీడీలు చుట్టే మా అమ్మీలు, రిక్షాలు తొక్కిన మా అబ్బాలు కొన్న ప్రతి సబ్బుబిళ్ల మీదా పన్ను కట్టారు. ఆ డబ్బులో కాస్త తిరిగొస్తే అది దయ ఎట్లా అవుతుంది? దళిత, గిరిజన, బీసీ పిల్లల ఫారాల మీదా ఇదే మాట. తల వంచమని అందరికీ చెప్పే మాట.

మా ఇళ్లలో దీనికి వేరే మాటుంది. వజీఫా. అరబ్బీ నుంచి వచ్చిన మాట. ఒక మనిషికి కేటాయించిన వాటా అని అర్థం. బాధ్యత అనీ అర్థం. హైదరాబాదులో నౌకరీ నుంచి రిటైరై పెన్షను తీసుకునే పెద్దమనిషిని వజీఫాయాబ్ అంటారు. ఆయన్నెవరూ బిచ్చగాడనరు. రోజూ క్రమం తప్పకుండా చదివే దువానీ వజీఫా అనే అంటాం. తప్పకపోవడమే ఆ మాటకి ప్రాణం. ఉపకారం అట్లా కాదు. చేసేవాడి మనసు మారితే ఆగిపోతుంది.

ఆగింది కూడా. 2006లో సచార్ కమిటీ మా వెనకబాటుని లెక్కలతో సహా దేశం ముందు పెట్టింది. ఆ తర్వాతే 2008లో మైనారిటీ పిల్లలకు ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్, 2009లో మౌలానా ఆజాద్ ఫెలోషిప్ వచ్చాయి. 2022లో 1 నుంచి 8 తరగతుల వాళ్లకి స్కాలర్‌షిప్ తీసేశారు. ఉచిత విద్యా హక్కు చట్టం ఉంది కదా అన్నారు. ఫీజు లేనంత మాత్రాన నోటుపుస్తకాలు ఊరికే వస్తాయా? అదే ఏడు ఫెలోషిప్‌నీ ఎత్తేశారు. వేరే పథకాలున్నాయి కదా అన్నారు.

హజ్ సబ్సిడీ సంగతీ చూడండి. పదేళ్లలో ఆపమని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018లోనే ఆపేశారు. మేం వీధికెక్కలేదు. మాలో చాలామంది అది వద్దని ముందునుంచీ అంటున్నవాళ్లే. అయినా విమానం టికెట్టులో కలిసిపోయిన ఆ రాయితీని చూపించి ఏళ్ల తరబడి మమ్మల్ని దెప్పారు. ఫ్యాక్టరీకిస్తే ప్రోత్సాహకం. మాకిస్తే బుజ్జగింపు. డబ్బు ఒకటే, పేర్లే వేరు.

సెక్యులర్ మిత్రులారా! మీ ఆఫీసు ఫైళ్ల మీద రాసే 'మంజూరు' కూడా అరబ్బీ నుంచి వచ్చిందే. అందులో ఉన్నది నజర్, అంటే చూపు. ఆ మాట మీకెప్పుడూ పరాయిదనిపించలేదు. వజీఫానీ అట్లాగే తీసుకోండి. ఫారం మీద ఉపకారం అన్న మాట కొట్టేయండి. ఇచ్చేది మా వాటా అని రాయండి. రాశాక, ఏటా తప్పకుండా ఇవ్వండి.