బి-మైనస్ వస్తే లాయరు కాడా?

మనవాళ్ళ పిల్లలు అమెరికాలో డాక్టరో ఇంజనీరో కాకుండా లా చదవడం ఇప్పుడు వింతేం కాదు. మొదటి ఏడాది గ్రేడ్లు రాగానే ఇంటిల్లిపాదీ దిగులుపడటమూ వింత కాదు. "బి-మైనస్ వచ్చిందిట, ఇంకేం ఉద్యోగం!" అని ఓ నిట్టూర్పు. నేను లాయర్ని కాను, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. అయినా ప్రాజెక్టు ప్రాజెక్టుకీ ఇంటర్వ్యూలిచ్చి బతికేవాణ్ణి కాబట్టి నాకు తోచిన నాలుగు ముక్కలు చెప్తాను.

ముందు ఆ గ్రేడు సంగతి. చాలా లా స్కూళ్ళలో మొదటి ఏడాది గ్రేడ్లు కర్వ్ మీద ఇస్తారు. ఎంత చురుకైనవాళ్ళని ఏరి కూర్చోబెట్టినా సగంమంది మధ్యగీత కిందే తేలతారు. అది లెక్క, తలరాత కాదు.

అయితే పెద్ద లా ఫర్మ్‌లు ఆ గ్రేడ్లనే చూస్తాయన్నదీ నిజమే. రెండో వేసవి ఉద్యోగాలకి వాటిని బట్టే ఎంచుకుంటాయి, ఆ వేసవి పనిచేసినవాళ్ళకే ఎక్కువగా పర్మనెంటు కొలువు. 2023 చివర్లో న్యూయార్క్ పెద్ద ఫర్మ్‌లు మొదటి ఏడాది జీతం 2,25,000 డాలర్లు చేశాక అందరి చూపూ అటే. కానీ నాల్ప్ అనే లా నియామకాల సంఘం గీసే కొత్త లాయర్ల జీతాల పటానికి రెండు మూపురాలుంటాయి. ఆ చివర పెద్ద ఫర్మ్‌లు, ఈ చివర మిగతా అందరూ, మధ్యలో జనం పల్చన. ఈ చివరవాళ్ళూ లాయర్లేనండీ!

అంచేత వంద పెద్ద ఫర్మ్‌లకి రెజ్యూమె పంపి వంద తిరస్కారాలు ఏరుకోవడం దండగ. కౌంటీ ప్రాసిక్యూటర్ ఆఫీసు, పబ్లిక్ డిఫెండర్, ఇద్దరు ముగ్గురు లాయర్లుండే చిన్న ఆఫీసులు గ్రేడొక్కటే చూడవు. కోర్టులో నిలబడి మాట్లాడగలవా, గడువులోగా కాగితం సరిగ్గా రాయగలవా అని చూస్తాయి. లా స్కూలు క్లినిక్‌లో చేరితే ప్రొఫెసరు పర్యవేక్షణలో నిజమైన కేసుల మీద పనిచేయొచ్చు, ఆ పని చూపించుకోవచ్చు. ఇమిగ్రేషన్ లాయర్ల దగ్గర మన హెచ్1బి, గ్రీన్‌కార్డు ఫైళ్ళు గుట్టలు గుట్టలు. తెలుగొచ్చిన పిల్ల అక్కడ మొదటిరోజే అక్కరకొస్తుంది.

మరి చదువుకి చేసిన అప్పో అంటారా? అదే అసలు భయం, కాదనను. ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి 2007లో వచ్చిన చట్టం ఒకటుంది. షరతుల ప్రకారం 120 నెలవారీ వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ అవుతుంది. చేరేముందే ఆ షరతులు చదువుకోవాలి.

ఒక్క హెచ్చరిక. రెండేళ్ళ అనుభవాన్ని ఏడేళ్ళు చేసి రెజ్యూమె వండటం మన కన్సల్టింగులో తెలియందెవరికి? ఆ వంట ఇక్కడ చెల్లదు. ట్రాన్‌స్క్రిప్ట్ అడిగినరోజే గుట్టు రట్టవుతుంది. పైగా లైసెన్సు ఇచ్చేముందు బార్ వాళ్ళు నడవడిక ఆరా తీస్తారు. బి-మైనస్ వల్ల లైసెన్సు ఆగదు, అబద్ధం వల్ల ఆగొచ్చు.

ఎంసెట్ ర్యాంకులతో పెరిగినవాళ్ళం, పిల్లల్ని అంకెతో కొలవడం మనకి అంత తేలిగ్గా పోదు. కానీ ఒక్కమాట చెప్పండి. మీ హెచ్1బి వేసిన లాయరుగారికి మొదటి ఏడాది కాంట్రాక్ట్స్‌లో ఎంతొచ్చిందో ఎప్పుడైనా అడిగారా?