విమానాశ్రయ భూముల కౌలు

విమానాశ్రయమనగా విమానము దిగు బాటయు, ప్రయాణికులు వేచియుండు మందిరమును మాత్రమేయని తలంచిన దినములు గతించినవి. నేడు పెద్ద విమానాశ్రయము ఒక పట్టణమువంటిది. అందు హోటళ్లు, గిడ్డంగులు, దుకాణములు, కార్యాలయ భవనములు, బండ్లు నిలుపు తావులు గలవు. విమానములు దిగినందుకును, నిలిచినందుకును వచ్చు రుసుములొక రాబడి. ఈ స్థలములపై వచ్చు అద్దెలు వేరొక రాబడి. మొదటిది టిక్కెట్టు వెలలో చేరుచుండుటచే దానిపై జనులకు దృష్టి కలదు. రెండవదానిని విచారించువారరుదు. కాని పొలములు కౌలుకిచ్చువారును, పట్టణములలో ఇండ్లు అద్దెకిచ్చువారును శ్రద్ధతో పరిశీలింపదగినది ఈ రెండవదియే. ఏలయన నిది భూమి వ్యవహారము. ఆ భూమి ప్రజలది.

విమానాశ్రయ ప్రాధికార సంస్థను గూర్చిన 1994 నాటి చట్టము 2003లో సవరింపబడి, విమానాశ్రయములను ప్రైవేటు కంపెనీలకు కౌలుకిచ్చుటకు మార్గమేర్పడినది. 2006లో ఢిల్లీ, బొంబాయి విమానాశ్రయములు అట్లే అప్పగింపబడినవి. మన శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో తెరవబడినది. దాని విస్తీర్ణము సుమారు 5,500 ఎకరములు. గడువు 30 సంవత్సరములు, కోరినచో మరి 30 సంవత్సరములు. అనగా తాత సంతకము చేసిన దస్తావేజునకు మనుమడు కట్టుబడియుండును. ఇంత దీర్ఘమైన కౌలులో ఒక్క షరతు తప్పినను దాని ఫలమును రెండు తరములవారనుభవింపవలసినదే.

ఢిల్లీ కథ ఇందుకు నిదర్శనము. అచ్చటి కౌలుదారు తన రాబడిలో నూటికి 45.99 వంతు ప్రాధికార సంస్థకు చెల్లింపవలెను. ఇది చూడ ఘనమైన పాలే. కాని 2012లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ తమ నివేదికయందు, సుమారు 4,800 ఎకరముల భూమికి సాలుకౌలు 100 రూపాయలుగా నిర్ణయింపబడినదనియు, వ్యాపారమునకు విడిచిన సుమారు 240 ఎకరములపై 58 సంవత్సరములలో 1,63,557 కోట్ల రూపాయల రాబడి కలుగగలదనియు లెక్కగట్టిరి. ముందెన్నడో రానున్న సొమ్మును నేటి సొమ్ముతో సమముగా నెంచరాదని ప్రభుత్వమువారును, కంపెనీవారును ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణలో న్యాయము లేకపోలేదు. ఐనను, ఇట్టి తగవు దస్తావేజు వ్రాయుటకు పూర్వము జరుగవలసినదేగాని, వ్రాసిన ఆరేండ్లకు జరుగవలసినది కాదు.

ఇటీవల పద్ధతి మారినది. 2019లో అహమ్మదాబాదు, లక్నో, మంగళూరు, జయపురము, గౌహతి, తిరువనంతపురము విమానాశ్రయములను 50 సంవత్సరములకు వేలము వేసినప్పుడు, రాబడిలో పాలుగాక ప్రయాణికుని తలకింతయని పాట పెట్టిరి. మన భోగాపురమునకును పాట ఈ రీతిగనే జరిగినది. తలకు 303 రూపాయలకు అది స్థిరపడినది. 2020 జూనులో ఒడంబడికయు, 2023 మేలో శంకుస్థాపనయు జరిగినవి.

ఈ రెండు పద్ధతుల భేదము మన రైతులకు వివరించి చెప్పనక్కరలేదు. పాలునకిచ్చిన ఆసామి పంట పండిన యేట లాభపడును. కాని కళ్లములో కాపు కాయవలెను. తలకింతయని పుచ్చుకొనువానికి లెక్క సులభము. ప్రయాణికులను దాచిపెట్టుట ఎవరి తరము కాదు. కాని హోటలు కట్టినను, గిడ్డంగులు వెలసినను, అద్దెలు పదింతలు పెరిగినను, ఆ వృద్ధిలో నేరుగా నతనికి చేరునది లేదు. తోటలో అడుగిడిన మనిషికి ఇంతయని తీసికొని, కాయల లెక్క విడిచిపెట్టినట్లు! పాట పాడువారు కాబోవు అద్దెలను గణించియే అధికముగ పాడుదురని సమాధానము చెప్పుదురు. పది సంవత్సరముల గడువునకు ఆ మాట చెల్లును. నలువది, యేబది సంవత్సరముల పిదప నేలవెల యెట్లుండునో గణింపగల వర్తకుడెవ్వడు?

కంపెనీలకు లాభము రాకూడదని మేమనుట లేదు. పెట్టుబడి పెట్టినవారికి ఫలము దక్కవలసినదే. అద్దెల రాబడి లేనిచో ఆ భారము ప్రయాణికులపై పడును. 2016 విమానయాన విధానము ప్రకారము ఈ ఇతర రాబడిలో నూటికి 30 వంతులు విమాన రుసుముల తగ్గింపునకు లెక్కింపబడవలెను. 2008 చట్టముచే నేర్పడిన రుసుముల నియంత్రణ సంస్థ దీనిని చూచుచున్నది. ఇది ప్రయాణికునికి మేలే. కాని భూమి విడిచిన రైతు ప్రయాణికుడు కాడు. ప్రజాప్రయోజనమను పేర సేకరించిన పొలములో వ్యాపారభవనము లేచినప్పుడు, అది ఏ ప్రజకు ప్రయోజనమని అతడడుగుట సహజము. ప్రభుత్వము జవాబు చెప్పుట ధర్మము.

కావున మా సూచనలివి. కౌలు దస్తావేజులను, ఉపకౌళ్లను శాసనసభల ముందుంచవలెను. విమానముల కవసరమైన నేలను, వ్యాపారమునకు విడుచు నేలను మొదటనే హద్దులు వేసి వేరుపరుపవలెను. వ్యాపారపు నేలపై రాబడిలో పాలు నిలుపుకొని, పదేసి సంవత్సరములకొకసారి దానిని సవరింపవలెను. కౌలుదారు తన అనుబంధ సంస్థలకే చౌకగా ఉపకౌలునకిచ్చి పాలు తగ్గింపకుండ బహిరంగముగ పాట జరిపింపవలెను. గడువులోపల వాడని నేల తిరిగి రావలెను. భూములు కోల్పోయిన కుటుంబములకు దుకాణములలో కొన్నింటిని న్యాయమైన అద్దెకు ప్రత్యేకింపవలెను. భోగాపురమున 2,700 ఎకరములలో సుమారు 500 ఎకరములను 2020 ఒడంబడిక నాడు ప్రభుత్వము తనకే నిలుపుకొనుట మెచ్చదగినదైయుండెను. ఇట్లు నిలుపుకొన్న నేలను పిదప కారుచౌకగా విడువకుండుట అంతకన్న ముఖ్యము.

సొంత పొలమును కౌలుకిచ్చునపుడు మనము హద్దులు, గడువు, శిస్తు మూడింటిని ముమ్మారు చదివి చేవ్రాలు చేయుదుము. జాతి పొలమును కౌలుకిచ్చు ప్రభుత్వములు అంతపాటి జాగరూకతయైన చూపవలెనని కోరుట అత్యాశ కాదు.