పెట్టినా, చూసుకో!

తెలుగులో వాడే యాప్‌లలో బటన్ మీద ‘పంపు’ అనో ‘పంపండి’ అనో ఉంటుంది. మా కొత్తచెరువు బస్టాండులో నిలబడి వినండి: "లొకేషన్ పెట్టప్పా", "ఒక ఫోన్ కొట్టు", "అకౌంట్లో డబ్బులు వేసినా". (వేశాను అనే మాటకి మా వైపు రూపం అది.) ‘పంపు’ పెద్దగా వినపడదు.

వెనకటికి కార్డుని పోస్టు డబ్బాలో వేసేవాళ్లు, అందుకే "కార్డు ముక్క వెయ్యి". టెలిగ్రాం ఆఫీసులో మోర్స్ మీటని టకటకా కొట్టేవాళ్లు. ‘టెలిగ్రాం కొట్టు’ అక్కడి నుంచే వచ్చిందని నా ఊహ. 2013 జులైలో మన దేశంలో టెలిగ్రాం ఆగిపోయింది, కొట్టడం ఆగలేదు. ఇప్పుడు ‘ఫోన్‌పే కొట్టు’ అంటున్నాం.

నాకు నచ్చేది ‘పెట్టు’. అన్నం పెట్టినట్టే మెసేజూ పెడతాం, అవతలివాళ్లు తీరిగ్గా చూసుకుంటారు. "పెట్టినా, చూసుకో" అన్నాక బ్లూ టిక్ కోసం అలగడమెందుకు?

‘పంపు’ మనుషులకి బాగా అతుకుతుంది. దాని తోబుట్టువు ‘అంపు’. సాగనంపడం, పెళ్లిలో అంపకాలు అందులోవే. వానల్లేని ఏళ్లలో పిల్లల్ని బెంగళూరుకి పనికి పంపిన ఇళ్లు మా వైపు చాలా ఉన్నాయి. అక్కడ ఐటీ ఆఫీసుల్లో చేరిన మావాళ్ల నోట ఈ మధ్య ఒక వాక్యం వింటున్నా: "మెయిల్ పెట్టి పంపించేసినారు".

పెట్టింది మెయిల్‌ని, పంపింది మనిషిని. రెంటినీ తారుమారు చేసి చెప్తే మా ఊళ్లో ఎవరికీ అర్థం కాదు.