క్రిస్మస్ సెలవులూ – ట్రౌటు చేపలూ

సంక్రాంతి వస్తోందంటే మనవాళ్ళు పుంజుల్ని మేపుతారు. క్రిస్మస్ సెలవులు వస్తున్నాయంటే అమెరికాలో అర్కాన్సా రాష్ట్రానికి ఉత్తరాన కొన్ని కుటుంబాలవాళ్ళు గాలాలు సర్దుకుంటారు. వాళ్ళు వెళ్ళేది వైట్ రివర్‌కి. ఏటేటా అదే ఏరు, అదే రేవు. తాత నుంచున్న చోటనే మనవడూ నుంచుంటాడు.

ఎముకలు కొరికే చలిలో నీళ్ళలో దిగి చేపలు పట్టడమేమిటి, పిచ్చి కాకపోతే అంటారేమో! చమత్కారమంతా బుల్ షోల్స్ ఆనకట్టలో ఉంది. జలాశయం అడుగునుంచి వచ్చే నీరు వేసవిలో మరీ వేడెక్కదు, చలికాలంలో గడ్డకట్టదు. ట్రౌటుకి కావలసిందీ అదే. పైగా చలి ముదిరిందంటే జలాశయంలో షాడ్ అనే చిన్నచేపలు తట్టుకోలేక చచ్చి, టర్బైన్లగుండా కిందికి కొట్టుకొస్తాయి. ట్రౌటులకి పెళ్ళివిందే! అప్పుడు తెల్లని ఈకల ఎర కట్టినవాడిదే అదృష్టం. తక్కిన రోజుల్లో దోమంత పురుగుని పోలిన ఎరలు కావాలి. ఈకముక్కా, దారమూ చుట్టి వాటిని ఇంట్లోనే కట్టుకుంటారు. గాలపుకర్ర కున్న ఉంగరాల్లో నీరు గడ్డకట్టి దారం బిగుసుకుపోతే, నోటితో ఊది కరిగించుకోవడం మరో ముచ్చట.

ముచ్చటతోపాటు ప్రాణభయమూ లేకపోలేదు. చలి ఎక్కువైతే ఇళ్ళలో కరెంటు వాడకం పెరుగుతుంది. జనరేటర్లు తిరుగుతాయి. మోకాటిలోతు ఏరు కాస్సేపట్లో నిలువులోతవుతుంది. అంచేత తెలిసిన పెద్దవాళ్ళు గాలం వెయ్యడం కంటే ముందు మరో సంగతి నేర్పుతారు: నీటి అంచున ఒక రాయిని గుర్తు పెట్టుకో, అది మునుగుతోందంటే, చేప గాలానికి తగులుకుని ఉన్నా సరే, ఒడ్డుకి నడు.

ఇంతకీ ట్రౌటు ఆ ఏటి బిడ్డ కాదు. బుల్ షోల్స్ ఆనకట్టని 1952 జూలైలో ప్రెసిడెంటు ట్రూమన్ జాతికి అంకితం చేశాడు. అంతకుముందు అక్కడ గోరువెచ్చని నీళ్ళలో స్మాల్‌మౌత్ బాస్ అనే చేప హాయిగా బతికేది. జలాశయం అడుగునీరు దానికి పడలేదు. ఖాళీపడ్డ ఇంట్లోకి ట్రౌటుని తెచ్చి కాపురం పెట్టించారు. అందులో రెయిన్‌బో ట్రౌటు అమెరికా పడమటి తీరంవైపుది, బ్రౌన్ ట్రౌటు ఐరోపాది. బ్రౌన్ ట్రౌటు అక్కడే గుడ్లు పెట్టి సంతానం వృద్ధి చేసుకుంది. రెయిన్‌బో సంగతి అలా కాదు. పెంపకపు కేంద్రాల్లో పిల్లల్ని పెంచి వదులుతూ ఉంటేనే తాతలకీ మనవలకీ సరదా సాగుతుంది. పోయిన చేపకి బదులుగా ప్రభుత్వం ఇచ్చుకుంటున్న నష్టపరిహారమన్నమాట!

మనకిది కొత్త కథేమీ కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టా అన్నపూర్ణ అయింది. సముద్రంనుంచి గోదావరికి ఎదురీదే పులసకి మాత్రం అక్కడ అడ్డుగోడ లేచింది. ఆనకట్ట వద్దని ఎవరంటారు? అన్నం పెట్టిన గోడ అది. కాని చేప ఇచ్చుకున్న మూల్యం కూడా లెక్కలో రాసుకోవద్దూ?

వైట్ రివర్ ఒడ్డున ఈ సెలవుల్లో ఏ కుర్రాడైనా, "తాతా, పూర్వం ఈ ఏట్లో ఏ చేపలుండేవి?" అని అడగవచ్చు. ఎర కట్టడం నేర్పిన తాత ఆ మాటకీ జవాబు చెబితే బాగుంటుంది. గోదావరి గట్టుమీది తాతలకీ ఇదే మనవి.