కిటికీకి రేకు కొట్టవద్దు

 

ఈ నెల మన గోడపత్రికలో "నా అభిప్రాయం" రాసే వంతు నాది. క్రమశిక్షణ గురించో, పరిశుభ్రత గురించో రాస్తానని అందరూ అనుకోని ఉంటారు. నేను ఒక కిటికీ గురించి రాస్తున్నాను. మన పెద్ద హాలులో ఉత్తరం పక్క ఉండే మూడో కిటికీ. దాని అద్దం పగిలి రెండు సంవత్సరాలైంది. చలిగాలి కొడతాందని, ఈసారి దానికి ఇనుప రేకు కొట్టించాలని మొన్న హాస్టల్ మీటింగులో అనుకున్నారు. సరే అనేవాళ్ళు చేతులెత్తండి అంటే అందరం ఎత్తినాము. నేను కూడా ఎత్తినాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

చలి సంగతి అబద్ధం కాదు. మన హిందూపురం, పెనుకొండ పక్క డిసెంబరు నెల తెల్లవారుజామున నీళ్ళ తొట్టిలో చెయ్యి పెట్టాలంటే ధైర్యం కావాలి. ఐదో తరగతి పిల్లలు ఒకే దుప్పట్లో ఇద్దరిద్దరు ముడుచుకోని పడుకుంటారు, రాత్రంతా దగ్గుతారు. వాళ్ళ దగ్గుకంటే నా పిట్టలే ఎక్కువ అని నేను అనను. అద్దం వేయించండి. లేదంటే పొద్దున తెరిచి రాత్రికి మూసుకునే చెక్క తలుపు పెట్టించండి. రేకు మాత్రం వద్దు. రేకు కొడితే చలి ఒక్కటే కాదు, ఆ కిటికీలోంచి కనిపించేవన్నీ బయటనే నిలిచిపోతాయి.

"ఏముందిరా ఆడ? ఏంటికి ఎప్పుడూ కిటికీ కాడ నిలబడుకోని ఉంటావు?" అని నన్ను చానామంది అడిగినారు. ఇప్పుడు చెప్తాను.

దసరా సెలవులు అయిపోయి మనం తిరిగి వచ్చేసరికి కాంపౌండు గోడమీద ఒక చిన్న పిట్ట వచ్చి ఉంటుంది. పైన మసి రంగు, కడుపు, తోక ఇటుక రంగు. వాలినప్పుడల్లా ముందుకు వంగి తోకను గడగడా వణికిస్తుంది. చలికి వణుకుతాందేమో అనుకున్నాను మొదట్లో. చలికి కాదు, అది దాని అలవాటు. దానికి తెలుగులో నూనెబుడ్డిగాడు అని పాత పేరు ఒకటి ఉందని మా సైన్సు సారు చెప్పినారు. మసిపట్టిన నూనె బుడ్డి మాదిరి ఉంటుందని ఆ పేరు పెట్టినారంట. ఎవరు పెట్టినారో గాని సరిగ్గా పెట్టినారు.

ఈ నూనెబుడ్డిగాడి బరువు పదిహేను గ్రాములు. కిలోకి అరవై పైన తూగుతాయి. ఎండాకాలమంతా హిమాలయాల్లో, ఇంకా పైన మధ్య ఆసియా కొండల్లో గూడు కట్టుకోని పిల్లలను చేసుకుంటుంది. అక్కడ మంచు పడే కాలానికి దక్షిణానికి బయలుదేరుతుంది. ఇట్లాంటి చిన్న పిట్టలు చానావరకు రాత్రిపూటే ప్రయాణం చేస్తాయి. చుక్కలను, భూమికుండే అయస్కాంత శక్తిని బట్టి దారి తెలుసుకుంటాయని శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. టికెట్ లేదు, తోడు వచ్చేవాళ్ళు లేరు. అంతదూరం వచ్చి మన గోడమీద కూర్చుంటే, మనం "ఏముందిరా ఆడ?" అంటున్నాము.

పళ్ళేలు కడిగే బండ కాడ నీళ్ళు నిలుస్తాయి గదా, అక్కడికి తోక పైకీ కిందికీ ఆడించుకుంటా నడిచే పిట్టలు వస్తాయి. వీటిని కాటుకపిట్టలు అంటారు. గెంతవు, మనుషుల్లాగా ఒక అడుగు ముందు, ఒక అడుగు వెనక వేసి నడుస్తాయి. కరెంటు తీగల మీద తోక చీలిన వానకోయిలలు ప్రేయరులో నిలబడినట్టు వరసగా కూర్చుంటాయి. అవి పురుగులను ఎగురుతానే పట్టుకోని తింటాయి. సాయంత్రం గులాబి గోరువంకల గుంపు వస్తుంది. తల, రెక్కలు నలుపు, ఒళ్ళు లేత గులాబి. ఇవి కూడా మధ్య ఆసియా గడ్డి బయళ్ళ నుంచి వచ్చేవే. అక్కడ మిడతలను తిని రైతుకు మేలు చేస్తాయి, ఇక్కడ మిడతలతోపాటు జొన్న కంకులు కూడా తింటాయి. మా తాత చేనులో డబ్బా కొట్టి వాటిని తరిమేవాడు. కాబట్టి అన్ని పిట్టలూ దేవతలని నేను చెప్పడం లేదు. చూడడానికి బాగుంటాయి అంటున్నాను, అంతే.

బయటికి పోయి చూడొచ్చు గదా, కిటికీ ఏంటికి అనొచ్చు. పోయి చూసినాను. నాలుగడుగులు వేసేలోపల ఎగిరిపోతాయి. కిటికీ లోపల హాలు చీకటిగా ఉంటుంది, మనం కదలకుండా ఉంటే వాటికి మనం ఉన్నట్టే తెలియదు. పిట్ట దాని పని అది చేసుకుంటుంది, మనం చూస్తా ఉంటాము. అది మనకు భయపడదు, మనం దాన్ని ఏమీ అడగము.

ఇంకొక మాట కూడా చెప్పాలి. హాస్టల్‌లో మనం ఒంటరిగా ఉండే చోటు లేదు. పడుకుంటే పక్కన ఒకరు, తింటే పక్కన ఒకరు, స్నానానికి పోతే వెనక పదిమంది. గంట కొడితే లేస్తాము, గంట కొడితే తింటాము. ఇది తప్పు అని నేను అనను, ఇంతమంది ఉన్నచోట అట్లనే జరగాల. కాని రోజులో ఒక పది నిమిషాలు ఎవరూ పిలవని చోటు, ఎవరూ మార్కులు వేయని పని ఒకటి ఉంటే మనసు కుదురుగా ఉంటుంది. నాకు ఆ చోటు మూడో కిటికీ. ఆరో తరగతిలో కొత్తగా చేరినప్పుడు, ఇంటి మీద బెంగతో ఏడుపు వస్తే ఎవరికీ కనపడకుండా అక్కడ నిలబడేవాణ్ణి. ఏడుద్దామని పోయి పిట్టలను చూసి వచ్చేవాణ్ణి. ఇప్పుడు కూడా చిన్న పిల్లలు కొందరు అక్కడ నిలబడడం నేను చూసినాను.

"ఇది పరీక్షల్లో వస్తుందా?" అని ఒక స్నేహితుడు అడిగినాడు. రాదు. దసరానాడు పాలపిట్ట కనిపిస్తే మంచిదని పెద్దవాళ్ళు చెట్లకేసి చూస్తారు. ఒక్కరోజు చూస్తే మంచి జరిగేటప్పుడు నూరు రోజులు చూస్తే చదువు చెడిపోతుందా? నేను రఫ్ నోటు చివరి పేజీల్లో ఏ పిట్ట ఏ తేదీన వచ్చిందో రాసి పెట్టుకుంటాను. నూనెబుడ్డిగాడు పోయిన సంవత్సరం అక్టోబరు 14న కనిపించినాడు, ఈసారి 19న. వచ్చినవాడు వాడేనో, ఇంకొకడో నేను చెప్పలేను. కాని తేదీ రాయడం మొదలుపెట్టినాక, పుస్తకంలో లేని ప్రశ్నలు నాకు పుడుతున్నాయి.

ఒక ఉదాహరణ చెప్తాను. దూరం నుంచి వచ్చే పక్షులన్నీ సైబీరియా నుంచే వస్తాయని మనం అనుకుంటాము. మన జిల్లాలోనే, చిలమత్తూరు మండలంలో వీరాపురం అనే పల్లె ఉంది. చలికాలం చివర్లో, సంక్రాంతి అటూ ఇటూగా అక్కడికి పెద్ద కొంగలు వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. అందరూ సైబీరియా కొంగలు అంటారు. పోయిన ఫిబ్రవరిలో మా సైన్సు సారు మమ్మల్ని తీసుకుపోయి చూపించినారు. ఇవి ఎర్రకాళ్ళ కొంగలు. పసుపు ముక్కు, కొసన కొంచెం వంగి ఉంటుంది. తెల్లని ఒంటిమీద నల్ల చారలు, తోక దగ్గర గులాబి ఈకలు. ఇవి సైబీరియా పక్షులు కావు, మన దేశం పక్షులే. చెరువుల్లో నీళ్ళు, చేపలు ఎక్కడుంటే అక్కడికి తిరుగుతా, గూడు కట్టే కాలానికి తెలిసిన చెట్లకు వస్తాయి. వానాకాలంలో పిల్లలకు రెక్కలు వచ్చినాక వెళ్ళిపోతాయి. ఎండ ఎక్కువైతే తల్లి కొంగ రెక్కలు పరిచి పిల్లలకు నీడ పడతుంది. అది చూసినాక బస్సులో మేము ఎవరమూ ఎక్కువ మాట్లాడలేదు.

వీరాపురం వాళ్ళు ఆ కొంగలను కొట్టరు, కొట్టనివ్వరు. అవి వస్తే వానలు బాగా పడతాయని వాళ్ళ నమ్మకం. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ, కర్ణాటకలో మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరులోనూ ఊరివాళ్ళు ఇట్లనే కాపాడుతారు. కన్నడంలో కొక్కరె అంటే కొంగ, ఊరిపేరులోనే పక్షి ఉంది. ఊర్లకు ఊర్లే చెట్లు వదిలిపెడుతుంటే, మనం ఒక కిటికీ వదిలిపెట్టలేమా?

ఇక నా సొంత సంగతి. మా తండాలో వేరుశనక్కాయ పీకినాక ఇండ్లకు తాళాలు పడతాయి. మా యాడి, అంటే అమ్మ, మా నాయన ధర్మవరంలో రైలెక్కి బెంగళూరికి బిల్డింగు పనికి పోతారు. ఆ రైలు పెనుకొండ, హిందూపురం మీదనే పోతుంది. మన కిటికీకి రైలు కనపడదు, కూత వినపడుతుంది. మా వాళ్ళు పోయే నెలల్లోనే ఈ పిట్టలు వస్తాయి. చిన్నప్పుడు, వాళ్ళు పోయినందుకు బదులుగా ఇవి వచ్చినాయేమో అనుకునేవాణ్ణి. ఇప్పుడు అట్ల అనుకోను. పిట్టకు వలస పుట్టుకతో వచ్చిన గుణం. మా వాళ్ళకు వాన లేక, అప్పు తీరక వచ్చిన అవసరం. రెండూ ఒకటి అని చెబితే మా యాడి చేతుల మీది సిమెంటు పుండ్లను అవమానించినట్టు. కాని ఒకటి మాత్రం నేర్చుకున్నాను. అంతదూరం నుంచి వచ్చిన పిట్టను చూసి ఎవరూ నవ్వరు. "మీ వాళ్ళు వలస కూలీలు గదా" అని మన హాస్టల్‌లో ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడం మానుకోవాలి.

చివరగా ఒక తప్పు ఒప్పుకోవాలి. ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఉండేలుతో కాటుకపిట్టను కొట్టినాను. కొట్టినాకే దాన్ని దగ్గరగా చూసినాను. చేతిలో వెచ్చగా ఉండింది, బరువే లేదు. దాన్ని వేపచెట్టు కింద పూడ్చి ఎవరికీ చెప్పలేదు. తర్వాత సలీం అలీ గారి గురించి చదివినాను. 1896లో బొంబాయిలో పుట్టిన ఆయన చిన్నప్పుడు తుపాకీతో ఒక పిచ్చుకను కొట్టి, గొంతుమీద పసుపు మచ్చ చూసి, ఇది ఏ పిచ్చుక అని అడగడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పోయినాడు. ఆ ప్రశ్నతోనే దేశంలో గొప్ప పక్షి శాస్త్రజ్ఞుడు అయినాడు. ఆయన పిట్టను పట్టుకోని అడగడానికి పోయినాడు, నేను పూడ్చి దాచిపెట్టినాను. ఇప్పుడైనా అడగడం నేర్చుకుందామని ఉంది.

కాబట్టి నా మనవి మూడు మాటల్లో. ఒకటి, కిటికీకి రేకు బదులు అద్దం వేయించాలి. డబ్బు చాలకపోతే మన పాత నోటుపుస్తకాలు తూకానికి వేసి ఆ డబ్బు ఇద్దాము. అద్దం వేసేదాకా రాత్రిపూట గోనెపట్ట కట్టే పని నాది. రెండు, పెట్టెల్లో దాచుకున్న ఉండేళ్ళను ఎవరికి వాళ్ళు తీసి వార్డెన్ సారుకు ఇవ్వాలి, సారు దండించకూడదు. మూడు, స్టడీ అవర్లో ఎవరూ కిటికీ కాడికి పోకూడదు. ఆ మాట మీద మొదట నిలబడేది నేనే.

వచ్చే మీటింగులో మళ్ళీ చేతులెత్తమని అడగండి సార్. ఈసారి నేను ఎత్తను. ఎత్తాలనుకునేవాళ్ళు అంతకుముందు ఆదివారం పొద్దున ఆరున్నరకు ఒక్కసారి మూడో కిటికీ కాడికి రండి. చెప్పులు విడిచి, మాట్లాడకుండా రావాల. నూనెబుడ్డిగాడు ఏడు లోపలే గోడమీదికి వస్తాడు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
పదవ తరగతి