జీరో టికెట్‌కూ ఖర్చుంది

సంపాదకులకు,

బస్సు ఉచితమయ్యాక ఉద్యోగినులకు దారి ఖర్చంతా మిగులేనని గత సంచికలో వ్యాసకర్త తేల్చేశారు. ఆయన సోమవారం పొద్దున బస్టాపులో నిలబడినట్టు లేదు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి మహిళల ఉచిత బస్సు పథకం హైదరాబాద్‌లో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకే వర్తిస్తుంది. డీలక్స్ ఎక్కితే డబ్బు కట్టాల్సిందే. ఉప్పల్‌లో ఓ పిల్లల తల్లి ఒక చేత్తో టిఫిన్ డబ్బా, ఇంకో చేత్తో కొడుకు ప్రాజెక్టు అట్ట పట్టుకుని, పరిగెత్తి ఎక్కింది డీలక్సే.

మర్నాడు సరైన బస్సే దొరికింది. జీరో టికెట్ ఇవ్వాలంటే రాష్ట్రవాసి అని తెలిపే గుర్తింపు కార్డు చూపాలి. ఆమె ఆధార్ కార్డేమో ముందురోజు సాయంత్రం నుంచీ జిరాక్స్ మిషన్‌లోనే ఉండిపోయింది. మళ్లీ టికెట్!

మూడో రోజు కార్డుంది, బస్సూ వచ్చింది. కాలు పెట్టే చోటే లేదు. ఆఫీసులో సంతకం వేళ దాటిపోతుందని ఆటో ఎక్కింది.

పథకం మంచిదే, ఆమే ఒప్పుకుంటుంది. మిగులు లెక్క వేసేవారు మాత్రం ఆమె పద్దుల పుస్తకం ఓసారి తిరగేయాలి. ఆటో చార్జీ అక్కడ ‘ఉచిత ప్రయాణం’ కిందే ఉంది.

— ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్