బండి జూఠ్ చెప్పదు

సెప్టెంబర్ వచ్చిందంటే నా ఫోన్‌కి ఒక పాత తస్వీర్ వస్తది. సైడ్‌కార్ ఉన్న మోటార్ సైకిల్. దాని మీద ముగ్గురు, నెత్తిన రూమీ టోపీలు, చేతుల్లో తుపాకులు. కింద రాత: "తెలంగాణ పల్లెల మీద పడ్డ రజాకార్లు, 1948." ఈసారి మా గల్లీ పిల్లగాడు ఒకడు అదే తెచ్చి నా ముందు పెట్టిండు. "చాచా, వీళ్లు మనోళ్లేనా?" అన్నడు.

ఆ సవాల్ నన్ను నిద్రపోనియ్యలేదు. వాడు టోపీ చూసి అడిగిండు. రాత రాసినోడు కూడా టోపీనే చూసిండు. బండి దిక్కు ఒక్కడూ నజర్ పెట్టలేదు.

నేను బండి చూసిన. ఇంజిన్‌కి రెండు పక్కలా రెండు సిలిండర్లు. అవి నేలకు సమంగా లేవు, కొంచెం పైకి లేచినయి. అది జర్మనీవాళ్ల జుండాప్ కేఎస్ 750 నిషానీ. దాని జోడీదారు బీఎండబ్ల్యూ ఆర్75 సిలిండర్లు చదునుగా ఉంటయి, ముందర ఫోర్కు టెలిస్కోపిక్. జుండాప్ ఫోర్కు వేరే తీరు. రెండూ 1941 నుంచి జర్మన్ ఫౌజ్ కోసం తయారైన బండ్లు. నంబర్ ప్లేటు మీద మెరుపుల్లాంటి రెండు గీతలు, అంటే ఎస్ఎస్. ఇక టోపీని పెద్దగా చేసి చూస్తే దాని మీద గద్ద, పుర్రె. ఇది 1943లో హిమ్లర్ బోస్నియా ముసల్మాన్లతో నిలబెట్టిన హాండ్‌షార్ డివిజన్ టోపీ. నిజాం రాజ్యానికీ ఈ తస్వీర్‌కీ రిష్తా లేదు.

ఈ హకీకత్ నాకేం ఖుషీ ఇవ్వలేదు. రజాకార్లు కాదని తేలింది, నాజీల కింద పనిచేసిన ముసల్మాన్లని తేలింది. దాచుకోవాలనిపించింది. దాచలేదు. తహ్కీక్ అంటే మనకు నచ్చిన జవాబు దొరికేదాకా వెతకడం కాదు.

ఇప్పుడు మనోళ్ల సంగతి. మన గ్రూపుల్లో ఇంకో తస్వీర్ తిరుగుతది. ఇసుకలో బండి మీద ఒక హిందుస్తానీ సిపాయి. "ఈజిప్టులో బుల్లెట్ మీద మన ముస్లిం జవాన్, 1942" అని రాత. 1940 నుంచి ఉత్తరాఫ్రికాలో లడాయి చేసిన 4వ ఇండియన్ డివిజన్‌లో ముసల్మాన్లు వేలమంది ఉన్నరు, అది తారీఖ్. కానీ ఈ జవాన్ ముసల్మాన్ అని ఎవరు చెప్పిండ్రు? ఆ బండి బుల్లెట్ అని ఎవరు చెప్పిండ్రు?

భాయ్, వెనక చక్రం చూడు. షాక్ అబ్జార్బర్లు లేవు. మనం ఎరిగిన బుల్లెట్ వెనక షాకులతో వచ్చింది యుద్ధం అయిపోయినంక. మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది 1955లో. బుల్లెట్ పేరు అంతకుముందు నుంచే ఉంది, ఎన్‌ఫీల్డ్ కంపెనీ ఆ యుద్ధానికి బండ్లు ఇచ్చింది కూడా: 350 సీసీ డబ్ల్యూడీ/సీఓ, పారాచూట్‌తో దించిన 125 సీసీ ఫ్లయింగ్ ఫ్లీ. కానీ ఈ తస్వీర్‌లో సిలిండర్ తల చదునుగా ఉంది, పైన రాకర్లు లేవు. అంటే సైడ్ వాల్వ్ ఇంజిన్. నార్టన్ 16హెచ్ కావచ్చు, బీఎస్ఏ ఎం20 కావచ్చు. ఇంజిన్ కుడిపక్క మూత ఆకారం చూసి రెండింటినీ విడదీయాలి. ఆ పక్క కనబడకపోతే "నార్టన్ లేదా బీఎస్ఏ కావచ్చు" అని రాసి ఆగాలి. ఆగడం కూడా ఇల్మే.

ఇంకో మజాక్ చెప్తా. "ఇండియన్ 741" అని పేరు చూసి "మన దేశంలో తయారైన ఫౌజీ బండి" అని గర్వంగా రాసినోళ్లను చూసిన. ఇండియన్ అనేది అప్పట్లో అమెరికాలో మసాచుసెట్స్‌లో ఉండిన కంపెనీ పేరు! జెండా ఊపే తొందరలో పేరు కూడా పూర్తిగా చదవరు.

"బండి పేరు తప్పైతే ఏం మునిగింది? భావం ముఖ్యం కదా" అంటరు. ఈ మాట నాకు కోపం తెప్పిస్తది. కోర్టులో గవాహీ కత్తి రంగు తప్పు చెప్తే, మిగతా గవాహీ మీద కూడా షక్ వస్తది కదా? తస్వీర్ కింద రాత కూడా గవాహీనే. కళ్ల ముందున్న బండినే సరిగ్గా చూడనోడు, ఆ మనిషి మజహబ్, ఊరు, గుణం గురించి అంత ధీమాగా ఎట్ల రాస్తడు?

అయితే బండి చెప్పేది బండి సంగతి మాత్రమే. డన్‌కర్క్ తర్వాత జర్మన్లు బ్రిటిష్ బండ్లను పట్టుకొని తోలిండ్రు. ఫ్రాన్స్ నోమ్-రోన్‌లను, బెల్జియం ఎఫ్ఎన్‌లను కూడా వాడుకున్నరు. రష్యా ఎం-72 అయితే బీఎండబ్ల్యూ ఆర్71 నకలు, దూరం నుంచి చూస్తే ఎవరైనా మోసపోతరు. అందుకే ఒక్క గవాహీ చాలదు. టాంకు మీద నంబర్ చూడాలి. బ్రిటిష్ ఫౌజీ మోటార్ సైకిల్ అయితే సీ అక్షరంతో మొదలైతది. హాండిల్‌కి రబ్బరు పిడికి బదులు కాన్వాస్ గుడ్డ ఉంటే, జపాన్ మలయాను పట్టుకున్నంక రబ్బరు కరువైన రోజుల బండి కావచ్చు. బండి, నంబర్, వర్దీ, ఈ మూడూ ఒక్క మాట మీద నిలబడితేనే రాత రాయాలి. ఖబర్ తెచ్చినోణ్ణి నమ్మే ముందు తహ్కీక్ చెయ్యమని సూరె హుజురాత్ మనకు నేర్పింది. అది ఫార్వర్డ్ బటన్‌కి వర్తించదా?

రజాకార్ల జుల్మ్ చెప్పడానికి దొంగ తస్వీర్ అక్కర్లేదు. 1948 ఆగస్టులో వాళ్లు చంపిన 'ఇమ్రోజ్' ఎడిటర్ షోయబుల్లా ఖాన్ ముసల్మానే. ఆయన పేరు తెల్వనోళ్లు బోస్నియా టోపీని పంచుతున్నరు. పోలీస్ యాక్షన్ తర్వాత ముసల్మాన్ల మీద ఏం జరిగిందో సుందర్‌లాల్ కమిటీ రాసింది. అదీ చదవరు. దొంగ తస్వీర్ ఒక్కటి రెండు సచ్చాయిలనూ కప్పేస్తది.

పిల్లగాణ్ణి పిలిచి బండి చూపించిన. సిలిండర్లు, ప్లేటు, గద్ద, పుర్రె. "అంటే మనోళ్లు కాదా చాచా?" అన్నడు. "తెలంగాణోళ్లు కాదు బేటా. ముసల్మాన్లే, కానీ తప్పు జెండా కింద నిలబడ్డరు" అన్న. వాడు చాలాసేపు చూసి, ఆ తస్వీర్ పంపినోడికే బండి పేరు రాసి తిప్పి పంపిండు.

జవాబ్ ఇంకా రాలేదు.